మానిటరింగ్ బోరును అడుగు నుంచి పైదాకా మూయడం ఎలా: ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాణిజ్య స్థలాలకు సమగ్ర మార్గదర్శి

హైవే పక్కన పెట్రోలు బంకు మూతపడుతుంది. రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటు చేతులు మారుతుంది. చీమకుర్తి వైపు గ్రానైట్ పాలిషింగ్ షెడ్డు పడగొట్టి గోడౌన్ కడతారు. ఇలాంటి స్థలాల్లో ఓ మూలన రెండో మూడో సన్నటి బోర్లు మిగిలిపోతుంటాయి. వాటిని నీళ్లు తోడుకోడానికి వేయలేదు. లోపలి నీళ్లలోకి డీజిలు దిగిందా, ఉప్పు పెరిగిందా, నీటి మట్టం ఎంత పడిపోయింది అని చూడటానికి వేశారు. వాడుకలో మానిటరింగ్ బోర్లు అంటాం. మట్టం మాత్రమే చూసేవైతే కాగితాల్లో పీజోమీటర్లు అని రాస్తారు.

పని అయిపోయాక వీటిని మూసే తీరు చూస్తే బాధేస్తుంది. మూతి మీద ఓ రాయి పెడతారు, లేదంటే నాలుగు తట్టల మట్టి పోసి పైన పేవర్ టైల్స్ పరుస్తారు. పైనుంచి చూస్తే బోరు పోయినట్టే ఉంటుంది. లోపల మాత్రం గొట్టం అలాగే ఉంటుంది. మన దగ్గర పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. పార్కింగులో నిలిచిన నీళ్లు ఆయిల్ మరకలతో సహా ఆ గొట్టంలోకి నేరుగా దిగుతాయి. మామూలుగా అయితే మట్టి పొరల్లోంచి వడకట్టుకుంటూ ఎన్నో నెలలకు చేరాల్సిన మురికి గంటల్లో ఊటలో కలుస్తుంది. పక్క వీధిలో ఆ ఊట నీళ్లే తాగే ఇళ్లు ఉంటాయి. అందుకే మూతి మూసినంత మాత్రాన బోరు మూసినట్టు కాదు, దాని లోతంతా మూయాలి.

మూయవచ్చో లేదో ముందు తేల్చుకోండి

ఆ బోరు ఎవరు వేయమంటే వేశారో పాత ఫైలులో వెతకండి. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతిలో షరతు కావచ్చు. నీళ్లు వాడుకునే అనుమతి కోసం భూగర్భ జల శాఖ అడిగి ఉండవచ్చు. ట్యాంకు లీకు అనుమానంతో ఆయిల్ కంపెనీ వేయించి ఉండవచ్చు. స్థలం కొనేముందు కొనుగోలుదారు వేయించిన బోర్లూ ఉంటాయి. వేయమన్నవారు "ఇక చాలు" అని రాతపూర్వకంగా చెప్పేదాకా బోరు ముట్టుకోవద్దు. ఫోన్లో చెప్పిన మాట రేపు ఎవరికీ గుర్తుండదు.

రిపోర్టుల్లో వానలకు ముందు, వానల తర్వాత తీసిన శాంపిళ్లు రెండూ ఉన్నాయో లేదో చూడండి. మే నెలలో శుభ్రంగా కనిపించిన బోరే డిసెంబరులో మట్టం పైకొచ్చి, పైపొర మట్టిలో పట్టుకున్న ఆయిల్‌ని తాకగానే వాసన కొట్టవచ్చు. ఒక్క ఎండాకాలపు రిపోర్టు చూసి మూసేయడం తొందరపాటు. 2025లో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది కాబట్టి, మీ స్థలంలో కాలుష్యం బయటపడి ఉంటే ఆ వ్యవహారం తేలేదాకా బోర్లు ఉండాల్సిందే.

చాలామంది ఇంకో ప్రశ్న అడుగుతారు: "మూయడమెందుకు, వాన నీళ్లు ఇంకించే బోరుగా మార్చుకోకూడదా?" ఇంటి పెరట్లో బోరైతే ఆలోచించవచ్చు. బంకులో, వర్క్‌షాపులో, ఫ్యాక్టరీలో మాత్రం వద్దే వద్దు. నేల మీది ఆయిల్‌ని, రసాయనాన్ని మన చేతులతో ఊటలోకి పంపినట్టవుతుంది. పక్కవాళ్లు తాగునీటికి అడిగినా ఇవ్వకండి.

ఉన్న బోర్లన్నీ లెక్కకు రావాలి

కాగితంలో నాలుగు ఉంటే నేల మీద మూడే కనిపిస్తాయి. నాలుగోది టైల్స్ కిందో, సిమెంటు ఫ్లోరింగ్ కిందో, చెట్టు మొదట్లోనో ఉంటుంది. పాత డ్రాయింగుతో పాటు పాత వాచ్‌మన్‌ని కూడా పిలిపించండి. "ఆ గది వెనకాల ఇనుప మూత ఒకటుండేది సార్" అని అతను చూపించే చోటు చాలాసార్లు సరిగ్గా సరిపోతుంది. ఇనుప మూత గానీ ఇనుప కేసింగ్ (బోరులో దించిన గొట్టం) గానీ ఉంటే మెటల్ డిటెక్టర్ పట్టిస్తుంది. పీవీసీ అయితే కాంపౌండు గోడ నుంచి, బిల్డింగు మూల నుంచి కొలతలు వేసి జాగ్రత్తగా తవ్వి చూడాల్సిందే. దొరికిన ప్రతి బోరుకీ నంబరు వేసి, రెండు శాశ్వతమైన గుర్తుల నుంచి దూరం కొలిచి, ఫోన్‌లో లొకేషన్ కూడా రాసుకోండి.

ఉత్తరాలు

మూసే తేదీ చెబుతూ కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి, జిల్లా భూగర్భ జల శాఖకు, పంచాయతీకి లేదా మున్సిపాలిటీకి ముందుగానే ఉత్తరాలు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మన రాష్ట్రంలో బావులు, బోర్లు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం పరిధిలోకి వస్తాయి. దానికి తోడు, వదిలేసిన బోర్లలో పసిపిల్లలు పడిపోతున్నారని సుప్రీంకోర్టు 2010లో దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వాడకంలో లేని బోరును అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలని, పూడ్చినట్టు సర్టిఫికెట్ తీసుకోవాలని, ఆ వివరాలు జిల్లా కలెక్టరేట్‌లో గానీ మండల స్థాయిలో గానీ నమోదై ఉండాలని అందులో ఉంది. సన్న బోరు కదా అని దీన్ని పక్కన పెట్టవద్దు. ఆరంగుళాల బోరు పసిబిడ్డకు చాలు. మూసే రోజు దాకా ప్రతి బోరుకీ బోల్టులతో బిగించిన మూత ఉండాలి.

పెట్రోలు బంకు అయితే పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు డ్రాయింగు తెప్పించుకోండి. ట్యాంకులు, పైపు లైన్లు ఎక్కడ నుంచి ఎక్కడికి పోతున్నాయో అందులో ఉంటుంది. అది చేతిలో లేకుండా బోరు బండిని లోపలికి రానివ్వకండి. తల పైకెత్తి కరెంటు తీగలు కూడా చూసుకోండి. బండి మాస్ట్ (నిలువు స్తంభం) లేపినప్పుడు తగిలేంత కిందికి వేలాడే లైన్లు మన రోడ్ల పక్కన బోలెడు. దగ్గరగా ఉంటే విద్యుత్ శాఖతో మాట్లాడి లైన్ ఆపించాకే పని.

మూత తీయడం, కొలవడం

ఆయిల్ ఉన్న నేలలో బోరు మూత తీయగానే లోపల చేరిన ఆవిరి ఒక్కసారిగా బయటికొస్తుంది. చుట్టూ సిగరెట్, ఫోన్, గ్రైండర్ ఏదీ ఉండకూడదు. ముఖం మూతి మీద పెట్టి చూడకూడదు. మూత తీసి పక్కకు జరిగి, గాలికి కాసేపు వదిలి, గ్యాస్ మీటరుతో చూశాకే దగ్గరికి వెళ్లండి.

తర్వాత బరువు కట్టిన టేపు దించి రెండు కొలతలు తీసుకోవాలి. కేసింగ్ అంచు నుంచి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయన్నది ఒకటి, అడుగు ఎంత లోతులో తగిలిందన్నది రెండోది. రికార్డులో 60 అడుగులని ఉండి టేపు 41 దగ్గర ఆగితే, పూడిక చేరిందా, పైపు విరిగిందా, ఏదైనా ఇరుక్కుందా అన్నది తేలాలి. టేపు కొస మెత్తగా దిగబడితే పూడిక. ఠక్కున ఆగితే గట్టి వస్తువు. పూడికైతే కంప్రెసర్‌తో ఫ్లషింగ్ చేసి తీయొచ్చు. ఆయిల్ కలిసిన బోరులో మాత్రం గాలి కొట్టకండి, ఆవిరితో ప్రమాదం. పైగా మురికి చుట్టూ చిమ్ముతుంది. అక్కడ బెయిలర్‌తోనో (తాడు కట్టి దించే సన్నటి గొట్టపు చేద) చిన్న పంపుతోనో నిదానంగా తోడాలి. పాత పంపు, తాడు, కేబులు, మట్టం కొలిచే పరికరం లోపల ఉంటే ఒక్కటీ మిగలకుండా బయటికి తీయాలి.

నీళ్ల మీద డీజిలు తేలుతోందా అని చూడటానికి బంకు వాళ్ల దగ్గరే మంచి ఉపాయం ఉంది. ట్యాంకులో నీళ్లు చేరాయేమో చూడటానికి వాళ్లు డిప్ రాడ్‌కి పూసే పేస్ట్ నీళ్లు తగిలినంత మేర రంగు మారుతుంది. ఆయిల్‌కి రంగు మారే పేస్ట్ కూడా దొరుకుతుంది. స్టీలు టేపుకు ఒక పక్క ఇది, ఇంకో పక్క అది పూసి దించండి. రెండు గీతలకీ మధ్య తేడా ఎంతో తేలే ఆయిల్ పొర మందం సుమారుగా అంత. తేడా కనబడితే మూసే పని అక్కడితో ఆపాలి. ఆ ఆయిల్‌ని తోడి, కారణం తేల్చి, అధికారులకు చెప్పాకే మిగతాది.

తేడా లేకపోతే చివరి శాంపిల్ తీయించండి. బోరులో నిలిచిన నీళ్లకు మూడింతలు తోడేసి, తాజాగా ఊరిన నీళ్లు పట్టాలి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబుకు ఐసు పెట్టెలో పంపాలి. బంకు స్థలమైతే బెంజీను కుటుంబపు రసాయనాలు, మొత్తం పెట్రోలియం హైడ్రోకార్బన్లు చూడమనండి. రొయ్యల ప్లాంటైతే క్లోరైడు, నైట్రేటు, అమ్మోనియా. కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడు సహజంగానే ఎక్కువ కాబట్టి అక్కడ ఫ్లోరైడు కనబడితే అది మీ ఫ్యాక్టరీ వల్లే అనుకుని కంగారు పడనక్కర్లేదు. తాగునీటి ప్రమాణంలో దానికి లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు.

నేలను బట్టి పద్ధతి

ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించాలి, ఎందుకంటే రెండు జిల్లాల్లోనూ తూర్పు నేల వేరు, పడమటి నేల వేరు.

కోవూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు పైనుంచి కిందికి ఇసుక, బంకమట్టి పొరలు. బోరంతా పీవీసీ కేసింగే, కింద కొంతమేర స్లాటెడ్ పైపు (నీళ్లు రావడానికి గాట్లు పెట్టినది), దాని చుట్టూ సన్న కంకర. ఇలాంటి చోట పై పొరలో ఉప్పు నీళ్లు, కింది పొరలో మంచినీళ్లు ఉండొచ్చు, దీనికి తలకిందులుగానూ ఉండొచ్చు. కేసింగ్ బయట, బోరు గోడకీ పైపుకీ మధ్య సందులో సీలు వేశారా లేదా అన్నదే అసలు ప్రశ్న. బోరు వేసినప్పటి రికార్డులో సీలు ఉన్నట్టు స్పష్టంగా ఉంటే, పైపు లోపల నింపితే చాలు. రికార్డు లేకపోయినా, స్లాట్లు రెండు పొరలను కలుపుతున్నా, పైపు బయటికి లాగాలి. ఇసుక నేలలో పైపు లాగితే గోడలు కూలతాయి కాబట్టి, ముందే లోపల సిమెంటు పాలు (నీళ్లలో జారుగా కలిపిన సిమెంటు) నింపి, పైపు కొంచెం కొంచెం లేపుతూ పాలు పోస్తూ పోవాలి. పైపు తెగిపోతే పాత బోరు కంటే పెద్ద బిట్టుతో అదే గీతలో మళ్లీ డ్రిల్లింగ్ చేసి, పైపుని కంకరతో సహా తీసేసి నింపాలి. ఖర్చే, కానీ మురికి ఉన్న చోట దానికి బదులు లేదు.

చీమకుర్తి, కనిగిరి, ఉదయగిరి వైపు సంగతి వేరు. పైన కొన్ని అడుగులు మట్టి, మెత్తబడిన రాయి. ఆ మేరకే కేసింగ్. కింద బండలో బోరు ఖాళీగా, పైపు లేకుండా ఉంటుంది. నీళ్లు పగుళ్లలో నుంచి వస్తాయి. ఇక్కడ కేసింగ్ బండ మీద కూర్చున్న చోట ఉండే సందే పెద్ద దొంగ దారి. వానాకాలంలో పై నీళ్లు ఆ సందులోంచి జారి బండలోకి దిగుతాయి. వీలైతే కేసింగ్ లాగేయండి. రాకపోతే చుట్టూ తవ్వి, సందులోకి కూడా సిమెంటు పాలు దింపండి.

మార్కాపురం వైపు పలకరాయిలోనూ పగుళ్లు ఎక్కువ. పెద్ద పగులు, అంటే బోరువాళ్లు గ్యాప్ అనేది, ఉన్న చోట ఎన్ని సంచులు పోసినా పాలు అటే పోతుంటాయి. అక్కడ ఆ మేర కడిగిన కంకర చిప్స్ నింపి, దాని మీద బెంటోనైట్ (నీళ్లు తగిలితే ఉబ్బే బంకమట్టి) పొర వేసి, ఆపైన సిమెంటు పాలు కొనసాగించాలి. చిప్స్ శుభ్రంగా ఉండాలి. కూల్చిన గోడల రాళ్లు, ఇటుక ముక్కలు ఎక్కడా పనికిరావు.

సిమెంటు ఎంత పడుతుంది

లెక్క వేయకుండా పోస్తే నిండిందో లేదో చెప్పడానికి ఆధారం ఉండదు. 50 కిలోల సంచికి 25 లీటర్ల నీళ్లు కలిపితే సుమారు 41 లీటర్ల సిమెంటు పాలు వస్తాయి. నీళ్లు ఎక్కువైతే పాలు సులువుగా పారతాయి గానీ, గట్టిపడ్డాక కుంచించుకుని పక్కన సందు వదులుతాయి. మేస్త్రీలు ఇక్కడే చెయ్యి జారుస్తారు, కాబట్టి నీళ్లు కొలత బకెట్‌తోనే పోయించండి.

ఒక ఉదాహరణ. 4 అంగుళాల పైపు, లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, లోతు 60 అడుగులు, అంటే 18.3 మీటర్లు. మీటరుకు 7.85 లీటర్ల చొప్పున 144 లీటర్లు. కింద 20 అడుగులు స్లాట్లు, బయట ఆరున్నర అంగుళాల బోరులో కంకర ఉందనుకుంటే, ఆ కంకర సందుల్లోకి ఇంకో 22 లీటర్లు పోవచ్చు. మొత్తం 166. వృథా, ఇంకుడు కలిపి పావు వంతు ఎక్కువ వేసుకుంటే 207 లీటర్లు. 41తో భాగిస్తే 5 సంచులు కొద్దిగా దాటుతుంది. 6 తెప్పించండి.

సంచికి సుమారు 2 కిలోల డ్రిల్లింగ్ రకం బెంటోనైట్ కలిపితే పాలు అంతగా కుంచించుకోవు. బెంటోనైట్‌ని ముందు నీళ్లలో విడిగా నానబెట్టి ఉబ్బనిచ్చి తర్వాత సిమెంటు కలపాలి, దానికి మరో అయిదారు లీటర్ల నీళ్లు అదనంగా పడతాయి. కృష్ణపట్నం చుట్టుపక్కల, చెరువుల నడుమ ఉన్న స్థలాల్లో ఒక జాగ్రత్త: బెంటోనైట్ ఉప్పు నీళ్లలో సరిగా ఉబ్బదు. నీళ్లు బాగా ఉప్పగా ఉంటే బెంటోనైట్ గుళికలను మాత్రమే నమ్ముకుని సీలు వేయకండి, సిమెంటు పాలే వాడండి. కలిపే నీళ్లు కూడా మంచివై ఉండాలి. ఇనుము లేని కాంక్రీటుకు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకు 2000 మిల్లీగ్రాములు, సల్ఫేటు 400 దాటకూడదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. పక్కనే ఉంది కదా అని చెరువు నీళ్లు కలపనివ్వకండి, ట్యాంకరు తెప్పించండి. సల్ఫేటు ఎక్కువున్న నేలలో స్లాగ్ సిమెంటు మన్నుతుంది.

పోసే రోజు

ఏప్రిల్ నుంచి జూన్ దాకా అనువైన కాలం. మట్టం కిందికి ఉంటుంది, బండి దిగబడదు. తుపాను కబురు ఉన్న వారంలో మొదలుపెట్టకండి. శుభ్రంగా ఉన్న బోరుతో మొదలుపెట్టి, అనుమానమున్న బోరుని చివరికి ఉంచండి, లేకపోతే పైపుల వెంట మురికి ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి పోతుంది. మధ్యలో సామాను కడగాలి.

"నాలుగు తట్టల మట్టి పోస్తే సరిపోద్ది గదా సార్, దీనికి సిమెంటెందుకు?" అని బోరు మేస్త్రీ అడగడం ఖాయం. అతన్ని కసరకుండా ఒకసారి చూపించండి. పైనుంచి మట్టి పోసిన పాత బోరులో సన్నటి ఇనుప రాడ్ పొడిస్తే, పన్నెండు అడుగుల దగ్గర మట్టి ఉండలా అడ్డం పడి ఉంటుంది. నాలుగు దెబ్బలు కొడితే ఉండ జారి, రెండు క్షణాల తర్వాత కింద నీళ్లలో పడిన చప్పుడు వినిపిస్తుంది. దాని కింద బోరంతా ఖాళీయే. సన్న గొట్టంలో పైనుంచి ఏది పోసినా ఇలాగే మధ్యలో ఇరుక్కుంటుంది. ఆ చప్పుడు విన్న మేస్త్రీ మళ్లీ తట్ట మాట ఎత్తడు.

అందుకే అంగుళం నుంచి అంగుళంన్నర హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపుని అడుగు తగిలేదాకా దించి, ఒకటి రెండు అడుగులు పైకి లేపి, దాని గుండా పాలు పంపాలి. కింద చేరిన పాలు బరువుకి నీళ్లను పైకి నెడతాయి. పైపు కొస ఎప్పుడూ పాలలో మునిగే ఉండాలి. పాల మట్టం పెరిగేకొద్దీ పైపుని లేపండి, కానీ కొస బయటపడనివ్వకండి. బయటపడితే నీళ్లు కలిసి అక్కడ బలహీనమైన పొర ఏర్పడుతుంది. మూతి దగ్గర మొదట తేటనీళ్లు, తర్వాత పలుచటి బూడిద రంగు నీళ్లు, చివరికి డ్రమ్ములో కలిపినంత చిక్కటి పాలు వస్తాయి. ఆ చిక్కదనం వచ్చేదాకా ఆపకూడదు, మధ్యలో టీకి కూడా ఆపకూడదు.

పైకొచ్చిన నీళ్లని రోడ్డు కాలువలోకి వదలొద్దు. డ్రమ్ముల్లో పట్టి, చివరి శాంపిల్ రిపోర్టు చూసి నిర్ణయించాలి. ఆయిల్ గానీ రసాయనం గానీ ఉంటే 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల ప్రకారం అనుమతి ఉన్న సంస్థకే అప్పగించి, ఫారం 10 మానిఫెస్టు (వ్యర్థం ఎవరి నుంచి ఎవరికి పోయిందో చూపే పత్రం) కాపీ దాచుకోండి.

మర్నాడు వచ్చి చూస్తే పాలు కొంత దిగి ఉంటాయి. దిగిన మేర కొలిచి మళ్లీ నింపండి. లెక్క వేసిన దానికంటే చాలా తక్కువ సంచులకే నిండిందంటే లోపల ఎక్కడో ఖాళీ ఉందని అర్థం. పోసిన రోజే, పాలు గట్టిపడక ముందే పైపు దించి చూసుకోవాలి. చాలా ఎక్కువ పట్టిందంటే పగుళ్లలోకి పోయింది, ఆ సంగతి రాసుకోండి.

పైభాగం

నేల మట్టానికి రెండు మూడు అడుగుల కిందికి చుట్టూ చేత్తో తవ్వి కేసింగ్ కోయండి. ఇనుప కేసింగ్ అయినా బంకులో గ్యాస్ కట్టర్ వద్దు, చేతి రంపంతోనే. కోసిన చోట బోరు కంటే వెడల్పుగా కాంక్రీటు దిమ్మ పోసి, ఆపైన మట్టి పొరలుగా దిమ్మిస చేసి, టైల్స్ గానీ తారు గానీ పాతదానికి సమంగా వేయండి. చుట్టూ వాన నీళ్లు నిలవకుండా వాలు ఉండాలి.

ఫైలు

ప్రతి బోరుకీ ఒక పేజీ. నంబరు, లొకేషన్, లోతు, వ్యాసం, చివరి నీటి మట్టం, శాంపిల్ రిపోర్టు, ఏ పద్ధతిలో మూశారు, లెక్క ప్రకారం ఎన్ని సంచులు, నిజంగా ఎన్ని పట్టాయి, చేసిన కాంట్రాక్టరు సంతకం, తేదీ. ఫోటోలు పని జరుగుతుండగా తీసినవి కావాలి: టేపు దించినప్పుడు, పైపు అడుగున ఉన్నప్పుడు, మూతి నుంచి చిక్కటి పాలు వచ్చినప్పుడు, దిమ్మ పోసినప్పుడు. అంతా అయ్యాక టైల్స్ మీద తీసిన ఫోటో ఒక్కటే ఉంటే అది దేనికీ రుజువు కాదు. ఒక సెట్ కాలుష్య నియంత్రణ మండలికి, ఒకటి భూగర్భ జల శాఖకు ఇచ్చి, ఒకటి స్థలం దస్తావేజులతో కలిపి ఉంచండి. స్థలం అమ్మినప్పుడు, బ్యాంకులో పెట్టినప్పుడు మొదట అడిగేది అదే.

కాంట్రాక్టరుకు చివరి విడత డబ్బు మాత్రం మొదటి పెద్ద వానలు వెళ్లేదాకా ఆపుకునేలా ముందే ఒప్పందం రాసుకోండి. డిసెంబరులో వెళ్లి ప్రతి చోటా చూడండి. నేల కుంగినా, నీటి బుడగలు వస్తున్నా తిరిగి తవ్వించి, కుంగిన మేర సిమెంటు పాలతో నింపించి, ఆ తేదీ కూడా ఫైలులో చేర్చండి.